గ్రీజు అంటని చదువే కావాలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. మా వాడు మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం. చక్రాలు బయటికి కనిపించే పాతకాలం రేసు కార్లు ఉంటాయే, వాటి ఛాసీని గుర్తుపట్టి బాగుచేసే పని నేర్చుకుంటాడట. ఇంగ్లండ్‌లో మోటార్‌స్పోర్ట్ ఎమ్మెస్సీ చేస్తానంటున్నాడు. మేం డేటా సైన్స్ ఎమ్మెస్ చేయమంటున్నాం. రెండిట్లో ఏది మేలు? నేను పడ్డ గ్రీజు బతుకు వాడికి వద్దు.

జవాబు: మీరు అడగదలచుకున్నది ఆ చివరి వాక్యమేనండీ. దర్జీలు, వడ్రంగులు, బోరు మెకానిక్కులు నా ముందు కూర్చుని ఇదే మాట అంటుంటారు. కొంచెం గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ గ్రీజుతోనే కదా వాణ్ని బీటెక్ దాకా చదివించారు? దాన్ని వాడి ముందే తిట్టుకుంటే, వాడికి ఇష్టమైన పనినే తిట్టినట్టు అవుతుంది.

మీకు ఇది పాతసామాన్ల బేరంలా కనిపిస్తోంది. అసలు పని ఏమిటో చూడండి. 1967లో ఇంగ్లండ్‌లో ఫార్ములా ఫోర్డ్ రేసులు మొదలయ్యాయి. మొదట్లో 1500, తర్వాత 1600 సీసీ ఫోర్డ్ ఇంజను, సన్నటి ఉక్కు గొట్టాల ఫ్రేము. ఆ కాలపు కార్లు ఇవాళ్టికీ పాత కార్ల పందాల్లో పరుగెడుతున్నాయి. అలాంటి ఫ్రేము ఒకటి షెడ్డుకొస్తే, అది ఏ కారుదో ఛాసీ నంబరు ప్లేటు చూసి చెప్పేయలేం. ప్లేటంటే రివెట్లు కొట్టిన రేకుముక్క. సరిహద్దు దాటేటప్పుడు కస్టమ్స్ కాగితాల్లోని నంబరుకు సరిపోవాలని ఒక కారు ప్లేటును ఇంకో కారుకు బిగించిన టీములు ఉన్నాయి. ప్రమాదంలో ఫ్రేము నుజ్జయితే, కొత్తదానికి పాత నంబరే ఇచ్చేవాళ్లు. ఆ పాత ఫ్రేమునూ తర్వాత ఎవరో బాగుచేస్తే, ఇప్పుడు ఒకే నంబరుతో రెండు కార్లు బయటపడి కోట్ల తగువు అయ్యేది అందుకే. గొట్టం వ్యాసం, మందం కొలవాలి. రంగు పొరలు గీకి, పూడ్చేసిన పాత రంధ్రాలు వెతకాలి. ఆనాటి ఫోటోల్లో కనిపించే బ్రాకెట్లతో వాటిని పోల్చాలి. నన్నడిగితే ఇందులో సగం పోలీసు దర్యాప్తే.

రిపేరు ఇంకా సున్నితం. అలాంటి ఫ్రేములు చాలావాటిని కంచు బ్రేజింగుతో అతికారు, అంటే ఉక్కును కరిగించకుండా మధ్యలో కంచు కరిగించి పోసి అతకడం. తెలియనివాడు ఆ అతుకు మీదే మామూలు వెల్డింగు పెడితే, కరిగిన కంచులోని రాగి ఉక్కులోకి దిగి పగుళ్లొస్తాయి. కొన్ని కార్లలో రేడియేటరు నీళ్లు ఫ్రేము గొట్టాల్లోంచే తిరిగేవి. పైకి నిగనిగలాడుతున్న గొట్టం లోపల తుప్పుపట్టి పలచబడి ఉండొచ్చు. శబ్ద తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజి పెడితేగానీ బయటపడదు.

ఇక మీ వాడి చదువు సంగతి. మోటార్‌స్పోర్ట్ ఎమ్మెస్సీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీలు మంచి చోట్లే, కాదనను. కానీ ఏడాది కోర్సులో ప్రధానంగా నేర్పేది కొత్త కార్ల ఏరోడైనమిక్స్, సిమ్యులేషన్, డేటా. పాత ఫ్రేముకు అతుకు వేయడం అక్కడ చేతికి రాదు. పాత కార్ల వర్క్‌షాపులు చాలావరకు పదిమంది లోపు పనిచేసేవి. విదేశీ కుర్రాడికి వీసా స్పాన్సర్ చేసే ఓపిక వాటికి ఎక్కడుంటుంది? పైగా 2025 జూలై నుంచి బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాను చాలావరకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితం చేసింది, జీతం హద్దు కూడా పెంచింది. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయికి కన్సల్టెన్సీ వాళ్లు రేసు ట్రాక్ పక్కన టీములు కార్లు సిద్ధం చేసే పిట్ లేన్ ఫోటోలు చూపించి అప్పు చేయించారు. వీసా గడువు తీరి వెనక్కి వచ్చాడు, ఇప్పుడు మామూలు ఆటో విడిభాగాల కంపెనీలో చేస్తూ కిస్తీలు కడుతున్నాడు. అమెరికాలో కాన్సాస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీలో పాత కార్ల పునరుద్ధరణకే నాలుగేళ్ల డిగ్రీ ఉంది. బీటెక్ అయ్యాక మళ్లీ డిగ్రీ చేయించే స్తోమత మీకుంటే అది వేరే మాట.

డేటా సైన్స్ సంగతంటారా? ఇష్టమున్నవాడికి మంచిదే. మీ వాడికి ఆ ఇష్టం ఉందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరడిగిన పోలికకు నేను ఇవ్వగలిగింది ఇంతే.

టెన్షన్ పడకండి, దారి మూసుకుపోలేదు. బీటెక్ పూర్తిచేయనివ్వండి. కాలేజీ తరఫున ఫార్ములా భారత్‌కు, అంటే విద్యార్థులు తామే కట్టిన రేసు కార్ల పోటీకి, కారు కట్టమనండి. ఆ పోటీలు కోయంబత్తూరు కారీ మోటార్ స్పీడ్‌వేలో జరుగుతాయి. ఫార్ములా మారుతి అనే మన దేశపు రేసు కార్లు పుట్టింది ఆ ఊళ్లోనే, ఇలాంటి ఒంటి సీటు రేసు కార్ల పని తెలిసినవాళ్లు అక్కడా చెన్నైలోనూ ఉన్నారు. డిగ్రీ అయ్యాక డై పెనిట్రెంట్ (రంగు ద్రవంతో పగుళ్లు చూసేది), అల్ట్రాసోనిక్ పరీక్షల్లో ఎన్‌డీటీ, అంటే వస్తువును పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షల, లెవెల్ 2 సర్టిఫికెట్ చేయించండి. పగుళ్లు కనిపెట్టడం వస్తే రేసు కార్లు లేకపోయినా రిఫైనరీలు, బాయిలర్లు, విమానాల మరమ్మతు ఉన్నాయి, అన్నానికి లోటుండదు. రెండు మూడేళ్లు చేతిపని వచ్చాక, తన పని ఫోటోలు పట్టుకుని విదేశీ వర్క్‌షాపులకు రాయనివ్వండి.

ముందు ఈ వేసవి సెలవులు మీ షెడ్డులోనే, గ్యాస్ వెల్డింగు దగ్గర పెట్టండి. మిగతా కుర్రాళ్లకిచ్చే జీతమే ఇవ్వండి, ఓనరు కొడుకని కుర్చీ వేయకండి. రెండు నెలల తర్వాత కూడా వాడు అదే మాట మీదుంటే నాకు ఫోన్ చేయండి.