సయనోజెన్‌మాడ్ డౌన్‌లోడ్ లింక్ తెరుచుకోవట్లేదు అన్నవారికి

పాత ఫోన్‌లో సయనోజెన్‌మాడ్ (ఆండ్రాయిడ్‌ను మార్చి చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కిద్దామని గైడ్ చూసి ప్రయత్నిస్తే లింక్ తెరుచుకోలేదనీ, విజయనగరంలో షాపువాళ్ళు ఫోన్ పడెయ్యమన్నారనీ అడిగారు. మీ ఫోన్‌లో లోపం లేదండీ, లింకే పోయింది. సయనోజెన్ కంపెనీ 2016 డిసెంబరు 31తో సర్వీసులు ఆపేసింది. మీ గైడ్ అంతకు ముందుది. అదే కోడ్ లినేజ్ఓఎస్ (లినేజ్) అనే పేరుతో కొనసాగుతోంది. షాపువాళ్ళ మాటకు కంగారుపడకండి, షాపుల్లో అలాగే అంటారు.

1. లినేజ్ సైట్‌లో మీ మోడల్ ఉంటే ఆ ఫైలే దించండి. పక్క మోడల్‌ది వద్దు.
2. ఫొటోలు కాపీ చేసి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) అన్‌లాక్ చెయ్యండి. డేటా అంతా పోతుంది.
3. లినేజ్ రికవరీ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి వాడే చిన్న ప్రోగ్రాం) ఎక్కించి, అందులో ఫార్మాట్ డేటా, ఆపై లినేజ్ ఫైలు సైడ్‌లోడ్ (కంప్యూటర్ నుంచి కేబుల్‌తో ఎక్కించడం). కంప్యూటర్‌లో 47 శాతం దగ్గర ఆగినట్టుంటే కేబుల్ పీకకండి, మామూలే.
4. చాలామంది వదిలేసేది ఇదే: ప్లే స్టోర్ కావాలంటే ఫోన్ మొదటిసారి ఆన్ కాకముందే గూగుల్ యాప్స్ ప్యాకేజీ ఎక్కించాలి. లినేజ్ ఎక్కగానే మళ్ళీ రికవరీకే రీబూట్ చేసి అది సైడ్‌లోడ్ చెయ్యండి. తొందరపడి ఆన్ చేసేస్తే మళ్ళీ 3 నుంచే.