ఎపిక్టెటస్ చేతులు ముడుచుకోమనలేదు

మన చేతిలో ఉన్నదీ లేనిదీ వేరుచేసుకోవాలన్న ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ మాట చదివాక, ఇంటర్వ్యూకు తయారవడమే దండగ అనిపిస్తోందని రాశారు. దయచేసి అలా అనుకోకండి. ఆయన చెప్పింది దాదాపు దానికి వ్యతిరేకం.

రోమ్‌లో బానిసగా బతికిన మనిషి ఆయన. తర్వాత డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్లగొడితే గ్రీసులోని నికోపొలిస్ చేరి బడి పెట్టారు. ఊరికే కూర్చోమనే బోధ ఆ జీవితంలోంచి ఎలా పుడుతుంది? శిష్యుడు ఆరియన్ రాసిపెట్టిన పాఠాల్లో బంతాట పోలిక ఒకటి ఉంది. ఆటగాడికి బంతి మంచిదా చెడ్డదా అన్న చింత ఉండదు. ఎలా విసరాలి, ఎలా పట్టాలి అన్నదే ధ్యాస. పాచికలూ అంతే. ఏ పందెం పడుతుందో మన వశం కాదు, పడినదాన్ని శ్రద్ధగా ఆడటం మన పని.

మీ విషయంలో ఉద్యోగం బంతి. ఈ వారం చదవడం, తెలియని ప్రశ్నకు తెలియదని నిబ్బరంగా చెప్పడం మీ ఆట.

ఇంకొకటి, నాకు బాగా పనికొచ్చింది: అందరూ కలిసి స్నానం చేసే స్నానశాలకు వెళ్లేముందు అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు ఉంటారని ముందే తలచుకోమంటారు ఆయన. ఇంటర్వ్యూ ముందురాత్రి మీరూ ఐదు నిమిషాలు అలాగే కూర్చోండి. గంటల తరబడి వేచి ఉండటం, మధ్యలో మాటకు అడ్డు రావడం, విసుగు ముఖాలు. తీరా ఎదురైనప్పుడు కంగారు తగ్గుతుంది. ఎలా జరిగిందో తప్పక రాయండి.