తాళాల సంగతి ముందురోజే తేల్చుకోండి

(క్యాజువాల్టీ వార్డులో 27 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన అక్కయ్య జవాబులు)

ప్రశ్న: ఏడాది చివర మా ఇంట్లో పార్టీ. పదిహేను మంది వస్తారు. మా ఆడపడుచు భర్త ప్రతిసారీ నాలుగైదు పెగ్గులు తాగి, "నాకేం ఎక్కలేదమ్మా" అంటూ కారు తీస్తారు. వెనక సీట్లో పిల్లలుంటారు. తాళాలు తీసేసుకుందామంటే మావారు "బావగారిని నొప్పించకు" అంటారు. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, "నాకేం ఎక్కలేదు" అన్న మాట నేను స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ల నోట కూడా విన్నాను. వాళ్లేమీ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనుకుంటారు. మందు ముందుగా దెబ్బకొట్టేది మంచిచెడ్డలు తూచే బుద్ధినే. కాళ్లు తడబడటం తర్వాతి సంగతి. అలవాటున్నవాళ్లకైతే ఆ తడబాటు కూడా బయటికి కనబడదు. మాట స్పష్టంగానే ఉంటుంది, నడక తిన్నగానే ఉంటుంది. బ్రేకు మీదికి కాలు వెళ్లడం మాత్రం ఆలస్యమవుతుంది. అందుకని రాత్రి పదకొండింటికి ఆయన్నే "నడపగలరా అన్నయ్యగారూ?" అని అడిగి లాభం లేదు.

ఈ విషయంలో నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. మా తమ్ముడి బండి తాళాలు నా కుట్టు మిషను డబ్బాలో దాచేశాను. వాడు ఇల్లంతా వెతికాడు. చివరికి నేనే దాచానని తెలిసి అందరి ముందూ కేకలేశాడు. ఆ రాత్రి వాడు మా హాల్లోనే పడుకున్నాడనుకోండి. కానీ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తాళాలు తీసుకున్నందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు. తీసుకున్న వేళే తప్పు. నలుగురిలో, అదీ తాగాక, ఎవరికైనా పౌరుషం పొడుచుకొస్తుంది.

కాబట్టి మాట్లాడాల్సింది ముందురోజు, మాట్లాడాల్సింది మీవారు. "బావగారూ, రేపు రాత్రి మీరంతా ఇక్కడే పడుకోవాలి, పక్కలు వేయించాను" అని ఫోన్ చేయమనండి. వాళ్లు ఉండలేమంటే మీ ఆడపడుచుకు నడపడం వచ్చా? వస్తే, ఆవిడ తాగని మనిషైతే, బయల్దేరేటప్పుడే తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. "అందరికంటే తక్కువ తాగినవాడు నడుపుతాడు" అనే ఒప్పందం మాత్రం వద్దు. నడిపే మనిషి ఒక్క గుక్క కూడా ముట్టకూడదు. అలాంటివాళ్లెవరూ లేకపోతే క్యాబ్ సాయంత్రమే మాట్లాడి పెట్టండి. పార్టీలన్నీ ఒకే వేళకు ముగుస్తాయి, అప్పటికప్పుడు వెతికితే బండి దొరకదు. దొరకనప్పుడే "ఎంతసేపు, పది నిమిషాల దారేగా" అనే మాట పుడుతుంది.

ఆతిథ్యమిచ్చేవాళ్లుగా మీ చేతిలో ఇంకో పని ఉంది. ఇంట్లో పోసే పెగ్గుకు కొలత ఉండదు, చెయ్యి ఎంత వంగితే అంత. అందుకే కొలతగ్లాసు పెట్టండి. 30 మి.లీ. విస్కీలో ఇంచుమించు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. "నేను బీరేగా తాగింది" అనేవాళ్లకు ఇది చెప్పండి: 5 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసాలో 25 గ్రాములు దాటుతుంది. అంటే రెండున్నర పెగ్గులు. ఇక గుమ్మం దగ్గర నిలబడి "లాస్ట్ పెగ్గు" అని చేతిలో పెట్టే మర్యాద మానేయండి. తాగింది రక్తంలో పూర్తిగా కలవడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. ఆ ఆఖరి పెగ్గు ఎక్కేది మీ ఇంట్లో కాదు, దారిలో.

ప్రశ్న: రాత్రి ఒంటిగంటకు ఆపేసి పడుకున్నాను. ఉదయం ఆరున్నరకు తలస్నానం చేసి, స్ట్రాంగ్ కాఫీ తాగి బయల్దేరాను. అయినా పోలీసుల మెషిన్‌లో దొరికిపోయాను. మెషిన్ తప్పా?

జవాబు: మెషిన్ మీద నెపం వేయకముందు ఒక లెక్క చూడండి నాయనా. మందులో 90 శాతానికి పైగా కాలేయమే కరిగించాలి. అది దాని తీరున అది పనిచేస్తుంది, తొందరపెడితే వినదు. సగటున గంటకు, 100 మి.లీ. రక్తంలో 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. ఒంటిగంటకు మీ రక్తంలో 150 ఉందనుకుందాం. గట్టిగా తాగిన రాత్రికి అదేం పెద్ద అంకె కాదు. ఆరున్నరకు ఇంకా 67 మిగిలే ఉంటుంది. చట్టం గీసిన గీత దేశాన్ని బట్టి 20, 30, 50, 80 ఇలా మారుతుంది. మీ లెక్క సున్నాకు దిగేది పగలు పదకొండింటికి. అదీ మీ కాలేయం సగటున పనిచేస్తేనే.

కాఫీతో నిద్ర వదులుతుంది, మత్తు వదలదు. చన్నీళ్లూ అంతే. వాంతి చేసుకున్నా అప్పటికే రక్తంలో కలిసింది వెనక్కి రాదు. నోట్లో పుదీనా బిళ్ల వేసుకుంటే పక్కవాళ్లకు వాసన తగ్గుతుందేమో గానీ, మెషిన్ కొలిచేది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని.

ప్రశ్న: నాకు కారు లేదు, బైకే. రెండు పెగ్గులేసినా స్లోగా వెళ్తాను. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వా ఉంది. కారు నాలుగు చక్రాల మీద తనంతట తాను నిలబడుతుంది. బైకును నిలబెట్టాల్సింది మీరు. మందు తాగితే ఆ బ్యాలెన్సే తప్పుతుంది. స్లోగా వెళ్లినంత మాత్రాన ఎదుటి లారీ స్లోగా రాదు. అసలు పార్టీకి బండి తీసుకెళ్లకండి. తీసుకెళ్లారా, అక్కడే వదిలేసి మర్నాడు వచ్చి తెచ్చుకోండి. మర్నాడు అంటే ఎన్నింటికో పై అబ్బాయికి చెప్పిన లెక్కలో చూసుకోండి.