రాణిగారి నాలుగు తరాల ఫోటోలో కళ ఎంత?

ఎలిజబెత్ రాణి 90వ పుట్టినరోజుకి, అంటే 2016 ఏప్రిల్‌లో విడుదల చేసిన నాలుగు తరాల ఫోటో కళాఖండమా, మామూలు గ్రూప్ ఫోటోయా అని అడిగారు. గ్రూప్ ఫోటోనే. కాకపోతే అందులో ఒక్కచోట కళ ఉంది. అది పిల్లాడి కాళ్ళ కింద.

రానాల్డ్ మెకెక్నీ అనే ఫోటోగ్రాఫర్ బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్ బిళ్ళల కోసం తీసిన ఫోటో అది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాణి, కొడుకు చార్లెస్, మనవడు విలియం, మునిమనవడు బుడ్డోడు జార్జ్. తలకొక బిళ్ళ చొప్పున వరసలో రావాలంటే పిల్లాడి ఎత్తు చాలదు కదా, అందుకని ఫోమ్ దిమ్మెలు పేర్చి వాటిమీద నిలబెట్టారు. వాడు తండ్రి చెయ్యి పట్టుకుని హాయిగా నవ్వుతున్నాడు. అంత వైభవమైన గదిలో ఆ దిమ్మెలు! విడుదల చేసేటప్పుడు కూడా వాటిని చెరిపెయ్యలేదు. లైటింగు, బట్టలు, గది... ఇవన్నీ డబ్బుంటే ఎవరికైనా వస్తాయి. ఆ దిమ్మెలు ఉంచెయ్యడానికి మాత్రం గుండె కావాలి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, భీమవరంలో చాలా ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి. ఓసారి పక్క ఊళ్ళో ఒక పెద్ద రైతు కుటుంబం మునిమనవడి పుట్టినరోజుకి నాలుగు తరాల ఫోటో కావాలని పిలిచారు. అన్నీ సర్దుకున్నాక తాతమ్మ కుర్చీలో కూర్చోనంది. "అల్లుడుగారు నిలబడుంటే నేను కూర్చోడమేంటి బాబూ, బావుండదు" అని గుమ్మం పక్కకి జరిగిపోయింది. ఆయనేమో "కూర్చోండి అత్తయ్యగారూ" అని బతిమాలుతున్నకొద్దీ ఈవిడ కొంగు ఇంకా ముందుకి లాక్కుంటోంది. ఆఖరికి ఆయనకీ ఓ కుర్చీ వేయించాను. అప్పుడు కూర్చుంది, అదీ తన కుర్చీని మూరెడు వెనక్కి జరుపుకుని. మూరెడు వెనకున్న ఆవిడ కూడా స్పష్టంగా పడాలని ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, తగ్గించి, ఆ తగ్గిన వెలుతురుకి ఫ్లాష్ పెంచుకున్నాను. పిల్లాడు కనపడట్లేదంటే ముక్కాలిపీట ఎక్కించాం. వాడు ఊగిపోతుంటే తాతమ్మ పక్కనుంచి చెయ్యి చాపి వాడి నిక్కరు ఎలాస్టిక్ గుప్పిట్లో బిగించి పట్టుకుంది. క్లిక్. నేను తీసిన గ్రూపుల్లో దాన్ని మించింది లేదు.

ఆల్బమ్ ప్రూఫులు చూసి ఇంటాయన ఫోన్ చేశాడు. పీట తీసెయ్యాలట, ముసలావిడ చెయ్యి తీసెయ్యాలట, ఆవిడ కుర్చీ కంప్యూటర్లో ముందుకి జరపాలట. అందరికీ కాస్త రంగు తేల్చమని కూడా చెప్పాడనుకోండి, అది ఎవరైనా అడిగేదే. పీట పోతే పిల్లాడు గాల్లో ఉంటాడు కదండీ అంటే, "మీకెందుకు, ఏదోటి చెయ్యండి" అన్నాడు. మా ఎడిటరు కుర్రాడు కాళ్ళు సాగదీశాడు. రెండేళ్ళవాడికి ఐదేళ్ళవాడి కాళ్ళు. ఆ ఫోటోనే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు.

ఈ రోగం ప్యాలెస్‌కీ ఉంది లెండి. 2024 మార్చిలో విలియం భార్య కేట్ తన పిల్లలతో ఉన్న మదర్స్ డే ఫోటో వదిలితే, కూతురు షార్లెట్ స్వెటర్ చేతి దగ్గర అతుకు తేడాగా ఉందని వార్తా సంస్థలు ఆ ఫోటోనే వెనక్కి తీసేసుకున్నాయి. ఆ వెంటనే, 2022లో బాల్మోరల్ కోటలో రాణిని మనవళ్ళు, మునిమనవళ్ళతో కూర్చోబెట్టి కేట్ తీసిన ఫోటోకి కూడా మార్పులు చేశారని గెట్టీ అనే ఫోటో ఏజెన్సీ వాళ్ళు బయటపెట్టారు. ముసలావిడ చుట్టూ అంతమంది పిల్లలుంటే ఒకడు దిక్కులు చూడడం సహజం. చూడనివ్వొచ్చుగా!

నన్నడిగితే, ఆ 90వ పుట్టినరోజుకే విండ్సర్ కోటలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ యానీ లీబోవిట్జ్ తీసిన ఫోటో ఆ తపాలా బిళ్ళల ఫోటోకంటే ఒక మెట్టు పైన. రాణి ఒళ్ళో షార్లెట్, చుట్టూ మిగతా పిల్లలు. రెండేళ్ళ మునిమనవరాలు మియా టిండల్ మాత్రం రాణిగారి నల్ల హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడింది. అందరి కళ్ళూ ఆ బ్యాగు మీదే పడ్డాయి. పడవా మరి? మిగతాదంతా ఎలా ఉంటుందో మనకి ముందే తెలుసు.

ఇంకో సంగతి. నాలుగు తరాలంటే వాళ్ళకి కుటుంబం కాదు, కుర్చీ కోసం క్యూ. 1894లో డౌనీ స్టూడియో తీసిన ఫోటో కూడా ఇంతే: విక్టోరియా రాణి, ఆవిడ కొడుకు, మనవడు, అప్పుడే పుట్టిన మునిమనవడు. ముగ్గురూ వరసగా రాజులయ్యారు. మునిమనవడు ఎనిమిదో ఎడ్వర్డ్ మాత్రం 1936లో ఏడాది తిరక్కుండానే గద్దె వదిలేసి వెళ్ళిపోయాడు. 2016 నాటి బిళ్ళల్లోనూ అదే లెక్క. షార్లెట్‌కి అప్పటికి ఏడాది నిండబోతోంది, అయినా చోటు లేదు. అమ్మ కేట్‌కీ లేదు. అదే మా గోదావరి జిల్లాలో అయితే ఫోటో చూసిన ప్రతి ఆడమనిషీ మొదట అడిగేది ఒకటే, "కోడలేదీ? పుట్టింటికెళ్ళిందా?" అని.