పాఠశాల నర్సుగా చేరిన చెల్లెలికి

చిరంజీవి చెల్లెలికి,

ఆశీస్సులు. ఆసుపత్రి వార్డు వదిలి బడిలో నర్సుగా చేరావని తెలిసి సంతోషించాను. ఇకమీదట పని తేలికని చాలామంది నీతో అనే ఉంటారు. వార్డులో అనుమానం వస్తే పక్కనే సీనియర్ సిస్టర్ ఉండేది, పిలిస్తే డ్యూటీ డాక్టర్ వచ్చేవారు. బడిలో ఆ ఇద్దరూ ఉండరు, జబ్బు పేరు తేల్చే అధికారమూ నీకు ఉండదు. అయినా గదిలోకి వచ్చిన ప్రతి బిడ్డనూ తరగతికి తిప్పి పంపాలా, కాసేపు పడుకోబెట్టాలా, ఇంటికి కబురు చేయాలా, అంబులెన్సును పిలవాలా అన్నది నిమిషాల్లో నువ్వే నిర్ణయించాలి. ఈ ఉద్యోగంలోని కష్టమంతా ఆ నిర్ణయంలోనే ఉంది కనుక దాని గురించే రాస్తున్నాను.

ఈ వృత్తి ఎందుకు పుట్టిందో గుర్తుంటే కొన్ని నిర్ణయాలు సులువవుతాయి. 1902 నాటి న్యూయార్క్ బడుల్లో కంటిజబ్బులు, చర్మవ్యాధులు, తలలో పేలు ఉన్న పిల్లలను తనిఖీలో గుర్తించి ఇళ్లకు పంపేసేవారు. వైద్యం చేసే దిక్కులేక వాళ్లలో చాలామంది చదువుకు దూరమయ్యేవారు. అప్పుడు లిలియన్ వాల్డ్ అనే నర్సు, సంఘసేవకురాలి చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును ప్రయోగంగా కొన్ని బడుల్లో నియమించగా, ఆమె చిన్న జబ్బులకు అక్కడే మందు వేసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు జాగ్రత్తలు చెప్పడంతో గైర్హాజరు బాగా తగ్గిపోయింది. ఇప్పటికీ పేలు కనబడగానే పిల్లను పంపేయమని టీచర్లు నీ మీద ఒత్తిడి తెస్తారు. ఆ రోజు బడి పూర్తయ్యాక ఇంటికి వెళ్లి వైద్యం మొదలుపెడితే చాలునని, మధ్యలో పంపనక్కరలేదని వాళ్లకు ఓపికగా చెప్పు.

నిన్ను అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించేది కడుపునొప్పి. పిల్ల గదిలోకి నడిచి వచ్చే తీరుతోనే నీ పరిశీలన మొదలుకావాలి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమను. వేలు బొడ్డు చుట్టూ తిరుగుతూ, మాట్లాడుతుంటే నొప్పి సంగతి మరచిపోతున్న పిల్ల విషయంలో సాధారణంగా కాసేపు ఆగి చూడవచ్చు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జారి, జ్వరమో వాంతో తోడై, ఒంటికాలి మీద గెంతమంటే ముఖం ముడుచుకుని ఆగిపోతే మాత్రం అపెండిసైటిస్ అనుమానించి, నొప్పి మాత్రలేవీ ఇవ్వకుండా, తినడానికి ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి పంపించాలి. మగపిల్లలు వృషణాల్లో వచ్చే నొప్పిని సిగ్గుకొద్దీ కడుపునొప్పి అని చెబుతారు. వృషణం మెలిపడి ఉంటే ఆరు గంటలు దాటేసరికి అది దక్కే అవకాశం వేగంగా తగ్గిపోతుంది కాబట్టి, సంకోచించకుండా అడుగు.

ఇక ప్రతి సోమవారమో, ఒకే పీరియడ్‌కు ముందో వచ్చే కడుపునొప్పి ఉంటుంది. దాన్ని నాటకమని ఎన్నడూ అనకు, భయంతో వచ్చే నొప్పి కూడా నిజంగానే బాధిస్తుంది. అది ఏ రోజు, ఏ వేళ, ఏ తరగతి నుంచి వచ్చిందో రిజిస్టరులో రాస్తూపోతే నెల తిరిగేసరికి కారణం దానంతటదే బయటపడుతుంది. ఏడిపించే తోటిపిల్లలు కావచ్చు, అక్షరాలు కుదరని చదువు కావచ్చు, మరుగుదొడ్డి శుభ్రంగా లేక రోజంతా బిగబట్టుకోవడమూ కావచ్చు. ఈ చివరిది పెద్దలకు తట్టనే తట్టదు.

ఆస్తమా ఉన్న పిల్ల విషయంలో చెవి కంటే కంటినే ఎక్కువగా నమ్ము. ఒక వాక్యాన్ని ఒక్క ఊపిరిలో పూర్తిచేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకోవడం ప్రమాద సూచనలు. అంతవరకూ వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి, పిల్ల నీరసించిపోతుంటే తగ్గిందనుకోవద్దు, గాలి ఆడడమే తగ్గిపోయి ఉండవచ్చు. మధుమేహం ఉన్న పిల్లకు కళ్లు తిరుగుతున్నాయని కబురొస్తే ఆమెను ఒంటరిగా నీ గదికి నడిపించవద్దని టీచర్లందరికీ ముందే చెప్పి పెట్టు. గ్లూకోజు తీసుకుని నువ్వే వెళ్లాలి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే సుమారు 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, చిన్నపిల్లలైతే ఇంకా తక్కువ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. తీవ్రమైన అలర్జీలో ప్రాణం నిలిపేది తొడ బయటి వైపు కండకు ఇచ్చే అడ్రినలిన్ ఒక్కటే. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగితే విలువైన సమయం పోతుంది.

తలకు దెబ్బ తగిలినప్పుడు పిల్ల మామూలుగా ఆడుతున్నా తల్లిదండ్రులకు అదే రోజు చెప్పు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా తెలివిరాని మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని చీటీ రాసి పంపు. నోటిమాట దారిలోనే మరచిపోతారు.

గాయాల విషయంలో ఇంకొక సంగతి. పరుగెత్తే పిల్లలకు మోకాళ్లు, వాటి కింద కాలి ముందు భాగం కమలడం సహజం. చెవి మీద, మెడ మీద, వీపు మీద కమిలిన మచ్చలు అంత సహజం కావు. అలాంటప్పుడు జవాబు నువ్వే అందించే ప్రశ్నలు వేయకుండా, పిల్ల అన్న మాటలను అన్నట్టే రాసి, చట్టప్రకారం చెప్పవలసిన వారికి అదే రోజు చెప్పాలి. ఎవరికీ చెప్పనని పిల్లకు మాట ఇవ్వకు. అయితే స్టాఫ్ రూములో మాత్రం ఏ పిల్ల జబ్బు గురించీ నోరు మెదపకు, ఎంత దగ్గరి స్నేహితురాలు అడిగినా సరే.

మందుల బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో. డాక్టరు చీటీ, తల్లిదండ్రుల సంతకం, పేరు రాసిన అసలు డబ్బా, ఈ మూడూ లేని మందును తీసుకోవద్దు. కవరులో చుట్టి పంపిన మాత్రలను వెనక్కి పంపితే కొందరు తల్లులు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ.

ఈ వారంలోనే ఆరోగ్య పత్రాలన్నీ చదివి, ఆస్తమా, మూర్ఛ, మధుమేహం, అలర్జీ ఉన్న పిల్లల జాబితా రాసుకుని, వాళ్ల ఇన్‌హేలర్ల మీదా ఇంజెక్షన్ల మీదా గడువు తేదీలు చూడు. గడువు దాటినవి ఉంటే ఆ ఇళ్లకు ఫోన్ చేయడానికి సాయంత్రం దాకా ఆగకు.

ఇట్లు,
నీ అక్క