ఒక్క క్లిక్కుకి రెండు పడుతున్నాయా? ఫార్మాట్‌కి ఒప్పుకోకముందే మౌస్ సంగతి తేల్చుకోండి

రాజోలు దగ్గర కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తున్నానని చెప్పారు. మౌస్ ఎడమ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందని, ఎక్సెల్‌లో గడి మూల పట్టుకుని కిందికి లాగుతుంటే సగంలో జారిపోతోందని రాశారు. ఎవరికో చూపిస్తే వైరస్ అన్నారని, విండోస్ తీసేసి మళ్ళీ వెయ్యాలన్నారని, వేయించమంటారా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. ఈ రెండు లక్షణాలూ జంటగా వచ్చాయంటే నా అనుమానం మొదట మౌస్ లోపలి స్విచ్ మీదికే పోతుంది. అది తేలడానికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. తేల్చుకోకుండా ఫార్మాట్‌కి ఒప్పుకుంటే ఏం పోతుందో నాకు తెలుసు కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. ఇంటి ముందు గదిలోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, జాతర కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, రోజంతా మౌసే. కొన్నేళ్ళ కిందట శ్రావణమాసం ముహూర్తాలు దగ్గర పడుతుండగా సరిగ్గా మీకొచ్చిన తంటానే నాకూ వచ్చింది. ఫోల్డర్ ఎంచుకుందామని నొక్కితే తెరుచుకునేది. వధువు పేరున్న పెట్టె పట్టుకుని పైకి జరుపుతుంటే సగంలో వదిలేసి వరుడి పేరు మీద పడేది. పట్టణంలో ఒక షాపుకి పట్టుకెళ్ళాం. పెట్టిన ఐదు నిమిషాలకే వైరస్ అన్నారు, సాయంత్రానికి ఫార్మాట్ చేసి ఇచ్చేశారు. డి డ్రైవ్‌లోవి ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి పోయాయి. పదకొండు శుభలేఖల మ్యాటరు అందులోనే ఉంది.

ఆ పదకొండు ఇళ్ళకీ ఫోన్ చేశాను. ఒక తాతగారు మనవరాలి పెళ్ళి కార్డు కోసం ఎండలో సైకిలు తొక్కుకుంటూ మళ్ళీ వచ్చారు. గోత్రం, ముహూర్తం, ఆహ్వానించేవాళ్ళ వరస అంతా చేత్తో రాసిన కాగితం మళ్ళీ తెచ్చిచ్చి, "ఏం ఫర్లేదమ్మా, ఈసారి జాగ్రత్తగా దాచు" అన్నారు. ఆయన ఒక్క మాట కటువుగా అనలేదు. అందుకే ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. అదే రాత్రి కొత్తగా వేసిన విండోస్‌లో మొదటి ఫోల్డర్ నొక్కితే మళ్ళీ రెండుసార్లు పడింది. పొద్దున్నే ఎదురింటి అబ్బాయి వాళ్ళ మౌస్ తెచ్చి గుచ్చాడు. అంతే, రోగం మాయమైంది.

అందుకని ముందు పరీక్షలు. కంప్యూటర్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. తెరమీది 1 అంకెని మౌస్‌తో మెల్లగా, ప్రతిసారీ ఒక సెకను ఆగి, పదిసార్లు నొక్కండి. పది ఒకట్లు పడాలి. పదకొండో పన్నెండో పడితే మీ వేలు చేయని నొక్కుడు మధ్యలో ఎక్కడినుంచో వస్తోందన్నమాట. సరిగ్గా పదే పడి, ఫోల్డర్లు మాత్రం ఒక్క నొక్కుకే తెరుచుకుంటుంటే అది వేరే సంగతి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఒక్క క్లిక్కుతోనే తెరుచుకునేలా ఎవరో మార్చి ఉంటారు, దాన్ని వెనక్కి మార్చుకుంటే చాలు.

ఎక్కువ పడ్డాయనుకోండి, అదే మౌస్‌ని ఇంకో యంత్రానికి పెట్టండి. రెండో కంప్యూటర్ లేకపోతే ఓటీజీ పిన్నుతో, అంటే ఫోన్ చార్జింగ్ కంతకి యూఎస్‌బీ తగిలించే చిన్న అడాప్టరుతో, ఫోన్‌కి గుచ్చండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరమీద బాణం గుర్తు వస్తుంది. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌లోనూ ఒకట్లు ఎక్కువ పడితే ఇక వాదన అక్కర్లేదు. మీ విండోస్‌లో వైరస్ ఉన్నా లేకపోయినా, మౌస్ వెంట నడిచి ఫోన్‌లోకి రాదు కదా.

ఇంకొకటి కూడా చూడొచ్చు. సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర ప్రైమరీ బటన్ అని ఉంటుంది, దాన్ని కుడికి మార్చండి. ఇప్పుడు కుడి బటన్ ఎడమ పని చేస్తుంది. దాంతో నొక్కితే అన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే తప్పు ఎడమ స్విచ్‌దే, ఇంకెక్కడా లేదు. కొత్త మౌస్ వచ్చేదాకా అలాగే నెట్టుకురావచ్చు కూడా. నేను ఆ శ్రావణమాసం అంతా కుడి బటన్‌తోనే కార్డులు చేశాను. రెండు రోజులు చెయ్యి తడబడింది, తర్వాత అలవాటైపోయింది.

మరి స్విచ్‌కి ఏమవుతుంది? 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి బిల్ ఇంగ్లిష్ చెక్కతో చేసిన మొదటి మౌస్‌కి కింద రెండు చక్రాలుండేవి. తర్వాత బంతి వచ్చింది. ఇప్పుడు బంతీ లేదు, చక్రమూ లేదు, కిందనుంచి వెలుతురు పడుతుంది. సెన్సర్ సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానికీ మరోదానికీ తేడా చూసి బాణాన్ని జరుపుతుంది. అంటే కదలికని కనిపెట్టే చోట అరిగేది ఏమీ లేదు. బటన్ మాత్రం అప్పటిలాగే రేకు వచ్చి రేకుకి తగలాల్సిందే. మనం రోజుకి ఎన్ని వేలసార్లు నొక్కినా ఆ భారమంతా దానిదే.

ఆ స్విచ్ నల్లటి చిన్న పెట్టె, చింతగింజంత ఉంటుంది. లోపల పల్చటి రాగి మిశ్రమం రేకు వంచి బిగించి ఉంటుంది. మీరు నొక్కినప్పుడు టక్కున కిందికి వంగి అడుగున ఉన్న చుక్కకి తగులుతుంది. తగిలిన రేకు వెంటనే నిలవదు, కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. కొత్త మౌస్‌లో కూడా అదురుతుంది. మౌస్‌లోని చిప్పు ఆ కాసేపూ పట్టించుకోకుండా ఊరుకుంటుంది కాబట్టి మనకి తెలియదు. రేకు బిగువు తగ్గినా, తగిలేచోట మకిలి పట్టినా అదురు చిప్పు ఆగే సమయం దాటిపోతుంది. అప్పుడు అది రెండో నొక్కుగా లెక్కలోకి వస్తుంది. విండోస్ మామూలుగా అర సెకనులోపు పడిన రెండు నొక్కుల్నీ డబుల్ క్లిక్కు అనుకుంటుంది, ఫోల్డర్ తెరిచేస్తుంది. మీరు నొక్కిపట్టి లాగుతున్నప్పుడు రేకు ఒక్క క్షణం విడిపోతే చెయ్యి వదిలేశారనుకుని పట్టుకున్నదాన్ని అక్కడే పడేస్తుంది. మీ రెండు లక్షణాలకీ మూలం ఒక్కటేనని మొదట్లో అన్నది ఇందుకే.

మన గోదావరి జిల్లాల్లో ఇది ఎక్కువ కనబడటానికి గాలి కూడా కారణమని నా నమ్మకం. కాలవలు, చెరువులు, కిందికి వెళ్తే సముద్రం. అంతర్వేది వైపు బంధువుల ఇంట్లో తాళం కప్పలు ఏడాదిలో బిగుసుకుపోతాయి, అదే ఉప్పుగాలి మౌస్‌లోకీ వెళ్తుంది. ఎక్కువ కరెంటు వెళ్ళే స్విచ్‌లో అయితే మకిలి పొర ఆ తాకిడికి కాలిపోతుంది. మౌస్‌లో పారేది అతి స్వల్పం, ఆ పొర అలాగే ఉండిపోతుంది. మా ఊళ్ళో నా దగ్గరికి వచ్చే మౌస్‌లు ఎండాకాలంలో కన్నా ముసుర్లు పట్టినప్పుడే ఎక్కువ.

బాగుచేసుకోవాలనుకుంటే ముందు మౌస్ తీగ పీకేయండి, వైర్‌లెస్ అయితే బ్యాటరీ తీసేయండి. స్క్రూలు కనబడకపోతే కంగారుపడొద్దు, అడుగున జారడానికి అంటించిన నల్లటి పట్టీల కిందో, స్టిక్కర్ కిందో ఉంటాయి. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. పైచిప్ప మెల్లగా ఎత్తండి, కొన్నిటికి పైచిప్పకీ కింది బోర్డుకీ మధ్య తీగ ఉంటుంది, గుంజితే తెగుతుంది. సెల్‌ఫోన్ రిపేరు కొట్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బోర్డులు తుడిచే స్పిరిట్) అని అడిగితే సీసాలో కొద్దిగా పోసిస్తారు. స్విచ్ నెత్తిన తెల్లటి మీట ఉంటుంది, దాని చుట్టూ సందులో ఒక్క చుక్క వెయ్యండి. వంద నొక్కులు నొక్కండి. అరగంట ఆరనిచ్చి బిగించి చూడండి. పెట్రోలు, థిన్నరు వాడొద్దు, ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. కొబ్బరినూనె చుక్క వేసినవాళ్ళని కూడా చూశాను, అది ధూళిని పట్టుకుని ఇంకా చెడగొడుతుంది. బియ్యం డబ్బాలో దాచినా అంతే, తవుడు పొడి లోపలికి పోతుంది.

ఈ చుక్క మందు చాలాసార్లు పనిచేస్తుంది, కానీ ఎంతకాలమని హామీ ఇవ్వలేను. నా మౌస్‌కి నాలుగు నెలలు ఆగింది. మళ్ళీ వచ్చాక స్విచ్ మూత తీసి చూశాను. స్టీలు పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి, దానిమీద పెట్టి, బ్లేడు మొనతో పక్కనున్న కొక్కెం తప్పించాను. మూత లేచింది, నూకగింజంత తెల్ల మీట గుడ్డ మీదికి దొర్లింది. గుడ్డ లేకపోతే గచ్చుమీద అది మళ్ళీ దొరికేది కాదు. రేకు చివర తగిలేచోట గోధుమరంగు మచ్చ ఉంది, ఆవగింజలో సగం కూడా లేదు. ఐపీఏలో తడిపిన కాగితం ముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే మచ్చ కాగితం మీదికి వచ్చేసింది. పదకొండు ఇళ్ళకి ఫోన్లు చేయించింది ఆ మచ్చేనని తెలిసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రేకుని తిరిగి దాని బిగువులో కూర్చోబెట్టడం మాత్రం కష్టం, ఓపికా చూపూ రెండూ కావాలి. అంత పని మీరు చెయ్యక్కర్లేదు.

దానికన్నా నేను ఇప్పుడు చేయించేది తేలికైన మార్గం. కుడి స్విచ్‌ని మనం తక్కువ వాడతాం. ఎడమదీ కుడిదీ ఒకే రకమైతే రెండిటినీ ఊడదీసి తారుమారు చేయించడమే. ఒక్కోదానికీ మూడు కాళ్ళు, సోల్డరింగ్ తెలిసిన ఏ టీవీ మెకానిక్ అయినా చేస్తాడు. కొత్త స్విచ్ దొరికితే ఇంకా మంచిది. మీ మౌస్ రెండు మూడు వందలదైతే ఇంత శ్రమ దండగ, కొత్తది కొనేసుకోండి. చేతికి అలవాటైన ఖరీదైనదైతేనే రిపేరు చేయించండి.

ఇది చదివే వేరేవాళ్ళ కోసం నాలుగు మాటలు. బాణం ఉన్నచోట ఉండకుండా గెంతుతుంటే మౌస్ తిరగేసి వెలుతురు వచ్చే కంతలో వెంట్రుకో దూదిపోగో ఉందేమో చూడండి. అద్దం బల్ల మీద కూడా అలాగే చేస్తుంది, కింద ఒక కాగితం వేస్తే సరి. తీగ కదిపినప్పుడల్లా ఆగి వస్తుంటే మౌస్‌లోకి తీగ దూరే మెడ దగ్గర లోపల తెగి ఉంటుంది. చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి ఉలిక్కిపడుతుంటే చక్రం ఇరుసు దగ్గర దుమ్ము. వైర్‌లెస్ మౌస్ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడే మొరాయిస్తుంటే ఆశ్చర్యపోకండి. యూఎస్‌బీ 3 పోర్టులనుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేసే వైర్‌లెస్ మౌస్‌లని ఇబ్బంది పెడుతుందని 2012లో ఇంటెల్ వాళ్ళే కొలిచి ప్రకటించారు. మౌస్ రిసీవర్‌ని (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క) అటువైపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి.

మళ్ళీ మీ సంగతికి. పరీక్షలన్నిటిలో మౌస్ నిర్దోషి అని తేలి, కొత్త మౌస్‌తో కూడా అదే తంటా వస్తే అప్పుడు విండోస్ వైపు చూడొచ్చు. అప్పుడు కూడా ఫార్మాట్ మాట ఎత్తకముందే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ట్యాలీ వాడుతుంటే దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో మీరే తెరిచి చూసుకుని కాపీ చెయ్యండి. ఆ పెన్‌డ్రైవ్ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటోందని చూశాకే మీ యంత్రం ఎవరి చేతిలోనైనా పెట్టండి. కొబ్బరి లెక్కలంటే రైతుల బాకీలు, దింపు కూలీలు అన్నీ అందులోనే ఉంటాయి కదా.

ఈ రాత్రికి క్యాలిక్యులేటర్ పరీక్ష ఒక్కటి చేసి, ఎన్ని ఒకట్లు పడ్డాయో, ఫోన్‌కి పెడితే ఎన్ని పడ్డాయో ఇక్కడే రాయండి. మౌస్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది, అది కూడా పెడితే స్క్రూలు ఎక్కడుంటాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.