బండి ఒక పక్కకు లాగితే ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సిందేనా?

ప్రశ్న అడిగినాయనది కర్నూలు. అలైన్‌మెంట్ చేయించి నెల తిరక్కుండానే కారు మళ్లీ ఎడమకు లాగుతోందట. 5,000 కిలోమీటర్లకొకసారి చేయించాల్సిందేనని షాపువాళ్లు అంటున్నారట. ఇది నిజంగా అవసరమా, లేక వాళ్ల వ్యాపారమా అని అడిగారు.

చెక్ చేయించడం అవసరం. ప్రతిసారీ నట్లు తిప్పించి సరిచేయించడం అవసరం లేదు. ఈ రెంటికీ తేడా చెప్పేవాళ్లు మా అనంతపురంలోనూ తక్కువే, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. అలైన్‌మెంట్ అంటే మొదట కొలత, చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో చూడడం. కొలతలు కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే పానా బయటికి తీయాల్సిన పనే లేదు. హద్దు దాటితే ఎందుకు దాటిందో వెతకాలి, ఆ తర్వాతే సరిచేయాలి. మన దగ్గర జరిగేదేమిటంటే, బండి లోపలికి రాగానే కుర్రాడు కిందికి దూరి టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లాక్ నట్ వదులు చేస్తాడు. స్క్రీన్ మీద ఎర్ర గీత పచ్చగా మారుతుంది, మనం డబ్బులిచ్చి వచ్చేస్తాం. అసలు కారణం కిందే ఉండిపోతుంది.

మా బావమరిది సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. వాడిది తాడిపత్రి. బండల లారీలు రాత్రీపగలూ తిరిగే ఊరు, ఆ రోడ్ల మీద రోజూ తిరిగే కారు. ఉగాదికి ఇంటికొచ్చి గేటు ముందు బండి ఆపుతుంటే చూశాను. ముందు చక్రాలు నేరుగా ఉన్నాయి, స్టీరింగ్ మాత్రం ఓ పక్కకు వాలి ఉంది.

"ఏందప్పా ఇది, అలైన్‌మెంట్ చేయించలేదా?" అన్నాను.

"చేయిస్తానే ఉన్నా బావా, అది పోతానే ఉంది" అన్నాడు.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పించి ఎడమ ముందు టైరు దగ్గర కూర్చున్నాను. బయటి నుంచి చూస్తే అది మంచి టైరే. గాడులు లోతుగా ఉన్నాయి, బయటి అంచు కొత్తదానిలాగే ఉంది. లోపలి అంచు దగ్గర మాత్రం గాడి అనేదే లేదు, రబ్బరు నున్నగా అరిగిపోయింది. ట్రెడ్ మీద అరచేత్తో అడ్డంగా రాస్తే ఒకవైపుకు సాఫీగా జారింది, ఎదురుగా రాస్తే రంపం పళ్లలా గీసుకుంది. ఆ పరీక్షకు ఏ మిషనూ అక్కర్లేదు, మీ బండికి ఇప్పుడే చేసుకోవచ్చు. అలా గీసుకుందంటే టో తప్పిందని అర్థం. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువగా పెట్టి తిప్పారని, నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువని లెక్క.

టో అంటే ముందు చక్రాలు రెండూ పైనుంచి చూసినప్పుడు ఒకదానికొకటి సమంగా ఉన్నాయా, ముక్కులు లోపలికి తిరిగాయా, బయటికి తిరిగాయా అన్నది. చిన్న కార్లలో ఇది దాదాపు సున్నా దగ్గరే ఉండాలి. "కొంచెం తేడానే కదా సార్" అనేవాళ్ల మీద నాకు మహా కోపం. పావు డిగ్రీ తేడా అనుకోండి, మిషన్ లెక్కలో 15 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). కంటికి ఆనదు. కానీ లెక్కేస్తే ఆ టైరు ప్రతి కిలోమీటరుకూ నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకుంటూ పోతున్నట్టు. అనంతపురం నుంచి కర్నూలు చేరేలోపు అర కిలోమీటరుకు మించి అడ్డంగా ఈడ్చినట్టు. ఆ రబ్బరంతా మన డబ్బే.

సరే, వాణ్ణి వెంటబెట్టుకుని బైపాస్ పక్కన ఒక పెద్ద టైర్ల షాపుకు పోయాం. ఏసీ గది, పెద్ద స్క్రీన్, కెమెరాల మిషన్. కుర్రాడు టైరు చూస్తూనే "లోపల తినేసింది సార్, క్యాంబర్ పోయింది. బెండు తీయాలి" అన్నాడు. ఇంకా మిషన్ కూడా ఆన్ చేయలేదు! పక్కనే హైడ్రాలిక్ జాకీ, గొలుసు రెడీగా ఉన్నాయి. క్యాంబర్ అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం నిటారుగా ఉందా, వాలిందా అన్నది. చాలా చిన్న కార్లలో దాన్ని సరిచేసుకునే బోల్టే ఉండదు, ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చింది టో ఒక్కటే. అలాంటి బండికి జాకీ పెట్టి సస్పెన్షన్‌ను వంచి క్యాంబర్ తెప్పిస్తామనడం నాకు అస్సలు నచ్చదు. ఇనుము ఒకసారి వంగింది, మళ్లీ వంచితే దాని బలం ఏమైనట్టు? వంగిన భాగం ఏదో కనిపెట్టి మార్చాలి గానీ బాగున్న దాన్ని వంచకూడదు.

"ముందు నాలుగు చక్రాల్లో గాలి చూడు, తర్వాత కొలిచి చూపించు. ఏదీ విప్పొద్దు" అన్నాను. గాలి చూస్తే ఎడమ ముందు టైరులో 26, కుడి ముందు టైరులో 33. అంత తేడా ఉంటే బండి ఎడమకు లాగక ఏం చేస్తుంది? గాలి సమం చేశాక రిమ్ములకు టార్గెట్లు (కెమెరాలు చూసి కొలిచే పలకలు) బిగించాడు, బండిని వెనక్కీ ముందుకీ నెట్టాడు, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పాడు. క్యాంబర్ రెండు వైపులా పచ్చగానే వచ్చింది. టో ఎర్రగా ఉంది. ఎందుకో అనుమానమొచ్చి ఇంకోసారి నెట్టి కొలవమన్నాను. ఈసారి టో అంకె వేరే వచ్చింది. ఎవరూ ఏ నట్టూ ముట్టుకోలేదు, అంకె మాత్రం మారింది.

అక్కడ నాకు విషయం తెలిసిపోయింది. కొలతకు మాత్రం డబ్బులిచ్చి, తిప్పించకుండానే బయటికొచ్చాం. కుర్రాడికి అది నచ్చలేదు, మా బావమరిదికి కూడా నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా బావా" అన్నాడు. నేరుగా కళ్యాణదుర్గం రోడ్డులో నాకు తెలిసిన షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి పెద్దాయన దగ్గర మిషన్ లేదు. బండిని ఎత్తి, చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట్ల పట్టుకుని ఊపాడు. టై రాడ్ చివరి జాయింట్‌లో వదులు లేదు. పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ బాగానే ఉంది. తర్వాత పొడవాటి ఇనుప రాడ్డు తీసుకుని లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండి చట్రానికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి) వెనక ఉన్న రబ్బరు కీలు, అదే బుష్, దగ్గర పెట్టి నొక్కాడు. రబ్బరు నోరు తెరుచుకుంది. ఆర్మ్‌తో పాటు చక్రమే కదలడం మా కళ్లతో చూశాం.

"బుష్ చినిగిన బండికి అలైన్‌మెంట్ చేస్తే అది షాపు గేటు దాకే సార్. బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం చోటు మారతా ఉంటే ఏ కొలత నిలబడుతుంది?" అన్నాడు.

ఇంతకాలం వాడికి ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. అలైన్‌మెంట్ బిల్లులు కట్టాడు, ఒక టైరు పోగొట్టుకున్నాడు. లోయర్ ఆర్మ్ మార్చాక మళ్లీ మిషన్ మీదికి ఎక్కించాం. ఈసారి రెండుసార్లు కొలిచినా ఒకే అంకె. స్టీరింగ్‌ను నేరుగా లాక్ చేసి, రెండు వైపులా లాక్ నట్లు వదిలి, టై రాడ్లు తిప్పి, టో పచ్చగా అయ్యాక మళ్లీ బిగించారు. ఒక్క వైపే తిప్పితే టో కలిసిపోతుంది గానీ స్టీరింగ్ వంకరగానే ఉంటుంది, మొదట వాడి బండికి అయింది అదే. తిప్పేముందు స్టీరింగ్ ర్యాక్ మీది రబ్బరు తొడుగు (బూటు) క్లిప్పు వదులు చేయాలి, లేకపోతే బూటు మెలిపడి చినుగుతుంది. పక్కన నిలబడి చూడండి, ఎవరూ వద్దనరు. స్క్రీన్ మీద మీ బండి మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. వేరే మోడల్ లెక్క పెట్టి పచ్చగా చూపిస్తే ఏం లాభం?

రోడ్ల గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన పల్లెల ముందు రాత్రికి రాత్రి లేచే స్పీడ్ బ్రేకర్లకు రంగు ఉండదు, బోర్డు ఉండదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంతో బండి దాని మీద సాఫీగా పోవాలి. మన దగ్గర ఉన్నవి జానెడు వెడల్పున గట్టులా నిలబడి ఉంటాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు చచ్చేది వాటి మీదే. ఎవరికి వాళ్లు తమ ఇంటి ముందు కాంక్రీటు పోసుకుంటే బిల్లు మాత్రం దారినపోయే బండివాడు కట్టాలి. ఊళ్లో పిల్లల భద్రత కోసమే కదా అంటారు. కరెక్టే, అయితే కొలత ప్రకారం వేసి రంగు పూయండి, పిల్లలూ బాగుంటారు, బండ్లూ బాగుంటాయి.

ఇక మీ బండి ఎడమకు లాగడం. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ అంచుకు కొంచెం వాలుగా ఉంటాయి, 44వ నంబరు హైవే మీద కూడా అంతే. స్టీరింగ్ వదులుగా పట్టుకున్నప్పుడు చాలా దూరం పోయాక మెల్లగా ఎడమకు జరిగితే అది జబ్బు కాదు. చెయ్యి సడలించగానే గుంజుకుపోతే అది జబ్బే. అప్పుడు ముందుగా పొద్దున్నే, బండి కదలకముందు గాలి చూసుకోండి. మన ఎండలకు మధ్యాహ్నం కొలిచిన గాలి లెక్కలోకి రాదు. గాలి సరిగ్గా ఉన్నా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి, టైరు మీద తిరిగే దిక్కు బాణం గుర్తు లేకపోతేనే. లాగే వైపు కూడా మారిందంటే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. కాసేపు తోలి ఆపాక ఒక చక్రం దగ్గర వేడి మరీ ఎక్కువగా కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. స్టీరింగ్ 80, 90 వేగంలో వణికితే అది చక్రం బరువు చుట్టూ సమంగా లేని బ్యాలెన్సింగ్ సమస్య, దానికి అలైన్‌మెంట్ బిల్లు కట్టకండి.

5,000 కిలోమీటర్ల మాట అబద్ధం కాదు. పల్లె రోడ్ల మీద తిరిగే బండికి అంతకొకసారి చెక్ చేయించడం మంచిదే, ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్లు 10,000 దాకా ఆగొచ్చు. గుంతలో గట్టిగా పడినా, టై రాడ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) లాంటివి మార్చినా మాత్రం కిలోమీటర్లు చూడకుండా వెంటనే చేయించాలి. ప్రతిసారీ సరిచేయకముందు కొలతలు, సరిచేశాక కొలతలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకుని డాష్‌బోర్డులో పెట్టుకోండి. "ప్రింటర్ పనిచేయడం లేదు" అంటే స్క్రీన్ ఫోటో తీసుకోండి. పోయినసారి సరిచేసి వదిలిన అంకె, ఈసారి వచ్చిన అంకె పక్కపక్కన పెడితే ఎంత జరిగిందో మీకే కనిపిస్తుంది.

మీకు నెలలోపే మళ్లీ మొదలైందంటే గాలి, టైర్ల మార్పిడి పరీక్ష అయ్యాక మిషన్ షాపుకు పోకండి. సస్పెన్షన్ పని తెలిసిన షెడ్డుకు పోయి ఎడమ వైపు లోయర్ ఆర్మ్ బుష్ రాడ్డు పెట్టి చూడమనండి. ఏం తేలిందో ఇక్కడ రాయండి, బండి మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చెబితే మిగతాది చెబుతాను.